విరిగిన చేయి – మిగిలిన పనులు

ఆధారము పోయిన వానిని గూర్చి చెప్పునపుడు మనము "వానికి చేయి విరిగినట్లయినది" అందుము. పని మానుకొన్న వానిని "చేతులు ముడుచుకొని కూర్చున్నాడు" అందుము. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, చేయి విరిగిన వానికి ఊరక కూర్చుండుట తప్ప వేరుదారి లేదను తలపు మనలో ఎంతగా నాటుకొని ఉన్నదో తెలియగలదు. ఇంటిలో ఎవరికైన చేయి విరిగినచో జరుగునదియు అదియే. మంచము వేయుదురు, కదలవద్దందురు, పలుకరించుటకు వచ్చినవారందరును "ఇంక మూడు నెలలు ఏ పనియు లేదు" అని తీర్పు చెప్పి పోవుదురు. మేమిచ్చట చెప్పదలచిన మాట ఒక్కటే. విశ్రాంతి కావలసినది విరిగిన ఎముకకు, మనిషికంతటికిని కాదు. ఆ చేతిలోనే విరుగని భాగములకు సైతము కాదు.

ఇది వట్టి ఊరడింపు మాట కాదు. మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పము వరకు పోవు దారిలోని పల్లెలను తలచుకొనుడు. టొమాటో తోటలు, పాడి పశువులు, పట్టుపురుగుల పెంపకము అచ్చటి కుటుంబములకు జీవనాధారములు. ఇవి మూడును చేతిపనులే. మూడును వాయిదా వేయుటకు వీలులేని పనులే. పండిన కాయ ఆగదు. పాలతో నిండిన పొదుగు ఆగదు. ఆకలిగొన్న పురుగు ఆగదు. అందుచేత చేయి విరిగినవారు రెండు విధముల నష్టపోవుచున్నారు. కొందరు పని ఆగరాదని కట్టుతోనే బరువులెత్తి, అతుకుచున్న ఎముకను మరల కదలించుకొందురు. మరికొందరు భయముతో వ్రేలు కూడ కదపక కూర్చుందురు. వారి ఎముక చక్కగా అతుకును. కాని కట్టు విప్పిన నాటికి పిడికిలి మూతపడదు, భుజము పైకి లేవదు. అతికిన చేయి ఉండియు పనికిరాని చేయియే అగును.

ఎముక అతుకు తీరును మొదట తెలిసికొందము. విరిగినచోట రక్తము గడ్డకట్టును. రెండు మూడు వారములలో ఆ గడ్డ చుట్టును మెత్తని బంధనము ఏర్పడును. అటుపిమ్మట అందు సున్నము చేరి గట్టిపడును. పెద్దవారిలో మణికట్టువద్ద విరిగిన ఎముకకు సాధారణముగా ఆరు వారములు కట్టు ఉండవలెను. పిల్లలకు మూడు నాలుగు వారములు చాలును. భుజాస్థికి ఎనిమిదినుండి పండ్రెండు వారములు పట్టవచ్చును. పెద్దవారి ముంజేతిలోని రెండెముకలును విరిగినచో వైద్యులు తరచుగా శస్త్రచికిత్స చేసి లోహపు పట్టీలతో బిగింతురు. ఎముక అతుకుట వేరు, పూర్వపు బలము వచ్చుట వేరు అనునది మరువరాదు. బరువులెత్తు బలమునకు మరికొన్ని వారములు కావలెను.

విశ్రాంతి ఎంత, కదలిక ఎంత అను ప్రశ్న పాతది. పందొమ్మిదవ శతాబ్దములో లివర్‌పూలు నగరపు వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ సంపూర్ణ విశ్రాంతియే ఎముకకు మందని వాదించెను. ఆయన తండ్రి మన కట్టువైద్యుల వలె వంశపారంపర్యముగా ఎముకలు కట్టువాడు. అదే శతాబ్దపు చివర పారిసులో లూకా షాంపియోనియేర్ అను శస్త్రవైద్యుడు త్వరగా కదలించుటయే మేలని చెప్పెను. నేటి వైద్యము ఇద్దరి మాటలను కలుపుకొన్నది. విరిగినచోటికి విశ్రాంతి, మిగిలిన కీళ్ళకు కదలిక అనునదియే ఆ కలయిక.

విశ్రాంతిని గూర్చిన ఇట్టి మార్పు మదనపల్లె వారికి క్రొత్త కాదు. ఆ పట్టణము చెంతనున్న ఆరోగ్యవరము క్షయరోగుల శానిటోరియముగా దేశమంతట పేరొందినది. ఆ కాలమున క్షయకు నెలల తరబడి పడక విశ్రాంతియే ముఖ్య చికిత్స. మందులు వచ్చిన పిమ్మట, 1956లో మద్రాసులో ఆరంభమైన పరిశోధనలో కొందరు రోగులకు శానిటోరియములోను, కొందరికి ఇంటివద్దను ఒకే మందులతో చికిత్స చేసిరి. 1959లో వెలువడిన ఫలితములను చూడగా ఇంటివద్దనున్నవారును ఇంచుమించు అంతే చక్కగా కోలుకొనిరి. విశ్రాంతియు ఒక మందే; మందునకున్నట్లే దానికిని మోతాదు కలదు.

ఇక విరిగిన చేతికి మొదటి రెండు మూడు దినములలో చేయవలసినది చూతము. దెబ్బ తగిలిన వెంటనే, వాపు రాకమునుపే ఆ చేతి గాజులు, ఉంగరములు, మణికట్టునకు కట్టిన దారములు తీసివేయవలెను. తరువాత తీయుదమన్నచో అవి రావు. చేతికి బద్దయో, మడిచిన గట్టి అట్టయో ఆనించి, మెడనుండి గుడ్డతో జోలెకట్టి ఆసుపత్రికి పోవలెను. కట్టు వేసిన పిదప ఆ చేతిని దిండ్లపై గుండెకన్న ఎత్తున ఉంచవలెను. పిండికట్టులోనికి నీరు పోనీయరాదు. దురద పుట్టినదని పుల్లలు, అల్లికసూదులు లోనికి దూర్చరాదు; చిన్న గీతయైనను కట్టు లోపల పుండు కాగలదు.

ఈ పిండికట్టును 1852లో ఆంటోనియస్ మాతైసెన్ అను డచ్చి సైనిక వైద్యుడు వెలుగులోనికి తెచ్చెను. దానికి దీటుగా మన ప్రాంతములో పేరుపొందినది పుత్తూరు కట్టు. పూర్వపు చిత్తూరు జిల్లా తూర్పు భాగముననున్న పుత్తూరుకు పొరుగు రాష్ట్రములనుండియు జనులు వచ్చుచుందురు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలు ఆ కట్టునకు సాధనములు. ఎముక స్థానము తప్పక బీటవారినపుడు కదలకుండ పట్టియుంచు ఏ కట్టైనను మేలు చేయును. కాని ఎముక తొలగినదో లేదో చేతితో తడిమి నిర్ణయించుట అన్నివేళల సాధ్యము కాదు. అందులకు ఎక్స్‌రే కావలెను. చర్మము చీలి ఎముక బయటపడినను, వ్రేళ్ళకు స్పర్శ తప్పినను, మోచేతివద్ద పిల్లలకు దెబ్బ తగిలినను మొదట పోవలసినది శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికే. కుప్పము వారికి తమ ఊరిలోనే వైద్య కళాశాల ఆసుపత్రి కలదు.

ఏ కట్టైనను బిగుతుగా ఉండుట ప్రాణాంతకము కాకున్నను హస్తాంతకము. లోపల వాపు పెరిగి, బయట కట్టు సడలక, కండలకు రక్తము అందదు. కొన్ని గంటలలోనే కండ చచ్చుబడును; ఆ పిమ్మట వ్రేళ్ళు కొక్కెముల వలె ముడుచుకొని మరల చాపుటకు రావు. జర్మను వైద్యుడు ఫోక్‌మాన్ 1881లో దీనిని వర్ణించెను. చింతచెట్లనుండియు, మామిడిచెట్లనుండియు పడి మోచేతికి పైన ఎముక విరుగగొట్టుకొను పిల్లలకు ఈ ప్రమాదము ఎక్కువ. కావున ఇంటివారు కట్టు వెలుపలనున్న వ్రేళ్ళను మాటిమాటికి చూడవలెను. వ్రేళ్ళు నల్లబడినను, తెల్లబోయినను, చల్లబడినను, తిమ్మిరెక్కినను, వ్రేలిని మెల్లగా చాచినపుడు భరింపరాని నొప్పి కలిగినను తెల్లవారువరకు ఆగరాదు. రాత్రియైనను వెంటనే పోయి కట్టు విప్పించవలెను.

ఈ ప్రమాదము లేదని తేలిన పిమ్మట కదలిక మొదలిడవలెను. మెలకువగా ఉన్నంతసేపు గంటకొకమారు, పదిసార్లు పిడికిలి మూసి తెరువవలెను. బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్ళ కొనలను ఒక్కొక్కటిగా తాకవలెను. కట్టు ముంజేతికే పరిమితమైనచో మోచేతిని వంచి చాచవలెను. వైద్యుడు వలదనని యెడల జోలెనుండి చేతిని తీసి, దినమునకు నాలుగైదుసార్లు భుజమును పైకి లేపవలెను. వృద్ధులలో మణికట్టు విరిగి భుజము బిగిసిపోవుట తరచుగా జరుగును. ఇందులకు ఖర్చు లేదు, మందు లేదు, మరువకుండుటయే కావలెను.

ఇక పనుల మాటకు వత్తము. మదనపల్లె పరిసరముల టొమాటో తోటలో కాయ కోయుట ఒక చేతితోనే అగును. తొడిమ కణుపువద్ద బొటనవ్రేలితో నొక్కి త్రిప్పినచో కాయ వచ్చును. అయినను కట్టుతో కోతకు పోవద్దనియే మేము చెప్పుదుము. తడిసిన సాళ్ళలో కాలు జారినపుడు మనలను నిలబెట్టునవి రెండు చేతులు. ఒక చేయి జోలెలో ఉన్నవాడు సులభముగా పడును. రెండవసారి పడుట మొదటిదానికన్న చెరుపు. పాతిక కిలోలకు అటునిటుగా తూగు పెట్టెను ఎత్తుట సరేసరి, దాని చెంతకే పోరాదు. అయితే పాకలో కూర్చుండి పండు, దోర, పచ్చి కాయలను వేరుచేయుట, పగిలిన వానిని ఏరివేయుట, పెట్టెల లెక్క చూచుట ఒక చేతి పనులే. మార్కెట్టులో వేలముపాటకు నిలుచుటకు చెవియు నోరును చాలును. ఎల్లప్పుడును తోటలో ఉండు రైతు ఆ నెలన్నర తానే మండికి పోయి బేరము చూచుకొనవచ్చును.

అటనుండి పుంగనూరు చేరినచో అచ్చటి ఆవు మన పని తీరును మరియొక విధముగా పరీక్షించును. పుంగనూరు ఆవు ప్రపంచపు పొట్టి పశుజాతులలో ఒకటి. దాని ఎత్తు 70నుండి 90 సెంటీమీటర్ల వరకే. ఇంత చిన్న ఆవును ఒక చేతితో పితుకలేమా అనిపించును. చిక్కు బలములో లేదు, కాలములో ఉన్నది. దూడ కుడిచినను, పొదుగు కడిగి నిమిరినను ఆవు పాలు చేపును. ఆ చేపు నిలుచునది కొద్ది నిమిషములే. ఒంటిచేతితో పితుకువాడు ముగించులోపల చేపు తగ్గును. పాలు పొదుగులోనే మిగులును. అట్లు దినదినము మిగిలినచో పాల దిగుబడి తగ్గును, పొదుగువాపు వచ్చు భయమును కలదు. కావున పితుకు పని ఇంటిలో మరియొకరికి అప్పగింపవలెను. ఆవు క్రొత్తచేతిని సహించుటకు అలవాటైన మనిషి దాని తలవద్ద నిలిచి, గంగడోలు నిమురుచు పలుకరించుట మేలు. అది మంచిచేయి చేయగల పనియే. మేత వేయుట, దూడను చూచుట, పాల లెక్క వ్రాయుట కూడ చేయవచ్చును. పశువు ఎంత సాధువైనను పగ్గమును మంచిచేతికి చుట్టుకొనరాదు. అది బెదరి లాగినచో ఆ చేతికిని ముప్పు.

కుప్పము వైపున పట్టుపురుగులు పెంచు ఇండ్లలో లెక్క మరియొక రీతిది. పురుగు గ్రుడ్డునుండి వెలువడి గూడు కట్టుటకు పోవు వరకు సుమారు 25 దినములు పట్టును. కట్టు ఆరు వారములు, అనగా 42 దినములు. పురుగు తన జీవితమున తిను ఆకులో నూటికి 80 పాళ్ళకు పైగా తినునది చివరిదైన ఐదవ దశలోనే. అప్పుడు ఆకు కోయుట, మోయుట, పరచుట రెండు చేతులకే చాలని పని. కావున చేయి విరిగిన ఇంటివారు క్రొత్త చాకీపురుగులను తెచ్చుకొనకమునుపే ఐదవ దశకు మనుషులు దొరకుదురో లేదో చూచుకొనవలెను. లేనియెడల ఒక పంట మానుట నష్టము కాదు, నష్టనివారణమే. పురుగులు ఇప్పటికే ఇంటనున్నచో, పండిన పురుగులను ఏరి చంద్రికలపై వేయుట ఒక చేతితో చక్కగా సాగును. అది తేలికపని, కన్నులు చురుకుగా ఉండవలెను. కాని చంద్రికను మోయుటకు ఇద్దరుండవలెను. బ్లీచింగు ద్రావణము చల్లునపుడు పిండికట్టు తడియకుండ దూరముగా ఉండవలెను.

వంటింటిలోను ఇదే విచక్షణ అవసరము. రాగిసంగటి కెలుకుట ఒంటిచేతి పని కాదు. ఒక చేయి తెడ్డు త్రిప్పుచుండ రెండవది కుండను పట్టవలెను. పట్టు లేని కుండ దొర్లి కాలిపై పడుట ఎంతసేపు? కాని రాగిజావ, అంబలి కాచుటకు ఒక చేయి చాలును. చాకుతో కూర తరుగుటకు రెండు చేతులు కావలెను. కత్తిపీటను పాదము అదిమిపట్టును గనుక చిన్న కూరలను జాగ్రత్తగా ఒక చేతితో తరుగవచ్చును. పెద్ద గుమ్మడికాయకు పొరుగువారిని పిలుచుటయే తెలివి. నీటిబిందెను ఎత్తవద్దు, చెంబుతో చిన్న పాత్రలోనికి పోసికొనవచ్చును. రవిక, చొక్కా తొడుగుకొనునపుడు దెబ్బతగిలిన చేయి మొదట దూర్చవలెను. విప్పునపుడు ఆ చేతిని చివర తీయవలెను. ఈ ఒక్క సూత్రము తెలిసినచో ఉదయపు బాధ సగము తగ్గును.

కుడిచేయి విరిగినపుడు మనవారికి నొప్పికన్న ఎక్కువైన బాధ ఒకటున్నది. ఎడమచేతితో తినుట, ఎడమచేతితో ఇచ్చుట, పుచ్చుకొనుట మర్యాద కాదని చిన్ననాటినుండి నేర్చినవారు పెండ్లి పంక్తిలో కూర్చుండుటకు సిగ్గుపడుదురు. అంగడిలో డబ్బు చాచుటకు జంకుదురు. కొందరు ఆకలితోనైన ఉందురు గాని ఒకరిచే తినిపించుకొనరు. ఆచారము ఆరోగ్యవంతుని చేతికి ఏర్పడినది. చెంచా ఎడమచేతికి అందించి, పలువురిలో ఆ మాట ఎత్తకుండుట ఇంటివారి ధర్మము. అంగడివాడు చిరునవ్వుతో పుచ్చుకొన్నచో ఆ మనిషి మరునాడును వీథిలోనికి వచ్చును.

విద్యార్థులు మరియొక ముక్క గుర్తుంచుకొనవలెను. వ్రాయు చేయి విరిగి పరీక్షలు దగ్గరపడినచో ఇంటిలో ఏడ్చుచు కూర్చుండరాదు. వైద్యుని ధ్రువపత్రముతో వెంటనే ప్రధానోపాధ్యాయుని కలిసి, వ్రాయు సహాయకునికై అనుమతి కోరవలెను. చదువుటకు, వినుటకు, అప్పగించుటకు చేయి అడ్డము కాదు. స్కూటరు, మోటారుసైకిలు మాత్రము కట్టు విప్పి పట్టు తిరిగి వచ్చువరకు ముట్టరాదు.

పని మార్చుకొనుట అనగానేమో ఇటీవల ఒక ఆంధ్రుడు ఆటస్థలమున చూపెను. 2023లో ఇందూరులో మధ్యప్రదేశ్‌తో జరిగిన రంజీ ట్రోఫీ క్వార్టర్ ఫైనల్‌లో ఆంధ్ర జట్టు నాయకుడు హనుమ విహారికి బంతి తగిలి ఎడమ ముంజేయి విరిగెను. ఆయన కుడిచేతివాటపు ఆటగాడు. అట్టివాడు నిలుచునపుడు ఎడమచేయి ముందుండి బంతికి ఎదురగును. మరునాడు చివరి వికెట్టుకు వచ్చినపుడు ఆయన ఎడమచేతివాటపు వానివలె తిరిగి నిలిచెను. అంతట విరిగిన చేయి వెనుకకు పోయెను. బాగున్న కుడిచేయి ముందుకు వచ్చెను. ఆ తీరున ఆడి, మొత్తము 27 పరుగులతో ఆ ఇన్నింగ్సు ముగించెను. రెండవ ఇన్నింగ్సులోను అట్లే వచ్చి 15 పరుగులు చేసెను. ఆంధ్ర జట్టు ఆ ఆటలో ఓడినది. విరిగిన చేతితో బంతికి ఎదురు నిలువుడని మేము ఎవరికిని చెప్పము. అది తరగని సాధన గలవాడు తెలిసి పూనుకొన్న సాహసము. మనము తీసికొనవలసినది ఆ నిలుచు తీరును. ఆయన విరిగిన చేతిచే పని చేయింపలేదు. పనినే రెండవ చేతివైపునకు త్రిప్పుకొనెను.

ఆహారము విషయమున రాయలసీమ వారు అదృష్టవంతులు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు. బియ్యములో ఉన్నది అందు చాల స్వల్పభాగమే. రాగిజావ, పాలు, పప్పు, గ్రుడ్డు, ఆకుకూరలు, కొంతసేపు ఎండ – ఇవి చాలును. చేయి విరిగిన వానికి పథ్యమని పెరుగు, పప్పు మాన్పించుట తగదు. మానవలసినది బీడీ, చుట్ట, సిగరెట్టు. పొగాకు ఎముక అతుకుటను ఆలస్యము చేయును.

కట్టు విప్పిన దినమున చాలమంది నిరాశపడుదురు. చేయి సన్నబడి, చర్మము పొలుసులు కట్టి, మణికట్టు కదలక యుండును. ఇది సహజము. గోరువెచ్చని నీటిలో చేతినుంచి మెల్లగా కదపవలెను. మెత్తని పిండిముద్దను పిసుకవలెను. తాళపుచెవి త్రిప్పుట, పిదప చిన్నగుడ్డ పిండుట అలవరచుకొనవలెను. నూనెతో గట్టిగా మర్దన చేయించి, కీలును బలవంతముగా వంచుట మాత్రము కూడదు. ముఖ్యముగా మోచేతివద్ద అట్లు చేసినచో కండలోనే ఎముక పెరిగి, కీలు శాశ్వతముగా బిగిసికొనవచ్చును. తన చేతిని తానే కదపవలెను గాని ఇతరులచే విరిపించుకొనరాదు. టొమాటో పెట్టెలు, నీటిబిందెలు ఎత్తుటకు వైద్యుని అనుమతి పొందవలెను. మూడు నెలలకు ముందు ఆ తొందర వలదు.

కావున ఇంటిలో ఎవరికైన చేయి విరిగిననాడు, పరామర్శలు ముగిసిన పిదప, అందరును కూర్చుండి ఆ మనిషి దినచర్యలోని పనులను మూడు వరుసలుగా వ్రాసికొనుడు. చేయరానివి ఒక వరుస. ఒక చేతితో చేయదగినవి రెండవ వరుస. వ్రేళ్ళ కదలిక వలె తప్పక చేయవలసినవి మూడవ వరుస. మొదటి వరుసను ఇంటివారు పంచుకొనుడు. రెండవదానిని ఆ మనిషినుండి లాగికొనకుడు. మూడవదానిని గంటగంటకు గుర్తుచేయుడు. రేడియోలో వార్తలు వచ్చు వేళ, పాటలు వచ్చు వేళ పదిసార్లు పిడికిలి మూసి తెరువుమనుడు. కట్టు విప్పునాటికి ఆ పిడికిలిలో పట్టు మిగిలియుండును.